కూర్పునకు ముందే అగ్నిపరీక్ష : కణ శోధక యంత్రాల విడిభాగాలకు నాణ్యతా తనిఖీ

స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ దేశాల సరిహద్దులో భూమికి సుమారు వంద మీటర్ల లోతున 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగం ఉన్నది. ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ నిర్మించిన లార్జ్ హాడ్రాన్ కొలైడర్ (ఎల్‌హెచ్‌సీ) అనే కణ త్వరణ యంత్రం ఈ సొరంగంలోనే అమర్చబడినది. దాదాపు కాంతి వేగంతో ఎదురెదురుగా వచ్చే ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు పుట్టే కణాలను గుర్తించి నమోదు చేసేందుకు డిటెక్టర్లుగా వ్యవహరించే శోధక యంత్రాలను ఏర్పాటు చేశారు. వీటిలో సీఎంఎస్ ఒకటి. దాని పొడవు 21 మీటర్లు, వ్యాసం 15 మీటర్లు, బరువు 14 వేల టన్నులు. హిగ్స్ బోసాన్ కణం ఉనికిని 2012 జూలైలో ప్రకటించిన రెండు ప్రయోగ బృందాలలో సీఎంఎస్ ఒకటి.

ఇంతటి యంత్రం లోపలి భాగంలో తలవెంట్రుకకన్నా సన్నని తీగ ఒక్కటి ఊడిపోయినా, దానిని సరిచేయడానికి సాంకేతిక నిపుణుడు చేరుకునే వీలు ఉండదు. అందువల్ల ఈ యంత్రంలో చేరే ప్రతి భాగమూ కూర్పునకు ముందే పరీక్షలలో నెగ్గవలసి ఉంటుంది. ఆ పరీక్షలు ఏమిటి, వాటిని ఎందుకు అంత పట్టుదలగా నిర్వహిస్తారు, పరీక్షలకు చిక్కని లోపాల వల్ల ఎటువంటి నష్టం వాటిల్లింది, ఈ కృషిలో భారతదేశం పాత్ర ఏమిటి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

మూసిన తరువాత తెరవడం కష్టం

సీఎంఎస్ యంత్రం ఉల్లిపాయ వలె పొరలు పొరలుగా నిర్మితమైనది. ఢీకొనే స్థానానికి అతి సమీపంలో కణాల మార్గాలను గుర్తించే సిలికాన్ ట్రాకర్ ఉంటుంది. దాని చుట్టూ శక్తిని కొలిచే కెలోరీమీటర్లు, ఆపై అతివాహక అయస్కాంతం, వెలుపల మ్యూయాన్ కణాలను పట్టే పొరలు ఉంటాయి. లోపలి పొరను చేరాలంటే వెలుపలి భాగాలను జరపాలి, వేలాది తీగలను, శీతలీకరణ గొట్టాలను విడదీయాలి. యంత్రం పనిచేసిన కొద్దీ లోపలి భాగాలు వికిరణశీలతను సంతరించుకుంటాయి గనుక మనుషులు అక్కడ గడపగల సమయం కూడా పరిమితమే. సీఎంఎస్ సిలికాన్ స్ట్రిప్ ట్రాకర్‌ను 2007 డిసెంబరులో యంత్రంలో అమర్చారు. ఆ తరువాత పదిహేనేళ్లకు పైగా దానిని మరమ్మతు నిమిత్తం బయటకు తీయలేదు.

లోపాల లెక్క కూడా గమనించదగినది. ఈ ట్రాకర్‌లో 15,148 మాడ్యూళ్లు ఉన్నవి. నూటికి తొంభైతొమ్మిది బాగున్నవని సరిపెట్టుకుంటే, సుమారు 150 మాడ్యూళ్లు లోపభూయిష్టంగానే లోపలికి చేరతాయి. ఒక మాడ్యూల్ పనిచేయడానికి పది భాగాలు అవసరమై, ఒక్కొక్కటి బాగుండే అవకాశం 99 శాతమని అనుకుంటే, పదీ బాగుండే అవకాశం 90 శాతానికి పడిపోతుంది. పైగా ఒకే విద్యుత్ సరఫరా తీగపైన, ఒకే శీతలీకరణ గొట్టంపైన అనేక మాడ్యూళ్లు ఆధారపడి ఉంటాయి. ఒకదానిలో షార్ట్ సర్క్యూట్ ఏర్పడితే పక్కన ఉన్నవి కూడా మూగబోవచ్చును. అందుచేత విడిభాగం స్థాయిలోనే లోపాన్ని ఏరివేయడం శాస్త్రీయంగానూ, ఆర్థికంగానూ శ్రేయస్కరమని నిర్మాణ బృందాలు భావిస్తాయి.

సిలికాన్ సెన్సర్లకు పట్టీ పట్టీకీ పరీక్ష

ట్రాకర్‌లో కణాల జాడను పసిగట్టేవి సిలికాన్ సెన్సర్లు. మూడోవంతు లేదా అర మిల్లీమీటరు మందం గల పలచని పలకపై 512 లేదా 768 సన్నని పట్టీలు సమాంతరంగా ఉంటాయి. విద్యుదావేశం గల కణం పలక గుండా దూసుకుపోయినప్పుడు దగ్గరలోని పట్టీలో అతి స్వల్పమైన విద్యుత్ సంకేతం పుడుతుంది. ఏ పట్టీలో సంకేతం వచ్చిందో తెలిస్తే కణం ఏ దారిన వెళ్లిందో తెలుస్తుంది. సీఎంఎస్ ట్రాకర్‌లో ఇటువంటి సెన్సర్లు 24 వేలకు పైగా, పట్టీలు 90 లక్షలకు పైగా ఉన్నవి. సెన్సర్ల మొత్తం వైశాల్యం సుమారు 200 చదరపు మీటర్లు.

సెన్సర్‌కు జరిపే మొదటి పరీక్ష లీకేజీ కరెంటును కొలవడం. పలకపై వోల్టేజిని మెట్లుమెట్లుగా కొన్ని వందల వోల్టుల వరకు పెంచుతూ, ప్రతి మెట్టు వద్ద ప్రవహించే కరెంటును నమోదు చేస్తారు. ఆరోగ్యవంతమైన సెన్సర్‌లో ఈ కరెంటు స్వల్పంగా, నిలకడగా ఉంటుంది. ఏదో ఒక వోల్టేజి వద్ద కరెంటు హఠాత్తుగా ఎగబాకితే అంచున గీత పడినదనో, తయారీలో మలినం చేరినదనో అనుమానించవలసి ఉంటుంది. పలక మొత్తం మందం కణాలను గుర్తించే స్థితికి ఏ వోల్టేజి వద్ద వస్తుందో రెండో పరీక్షలో తేలుస్తారు. ఆ తరువాత సూక్ష్మమైన సూది మొనలను ఒక్కొక్క పట్టీపై ఆనించి, దాని కరెంటు, నిరోధం, కెపాసిటెన్సు విలువలను కొలుస్తారు. పట్టీకి, దానిపైన ఉన్న లోహపు పొరకు మధ్యగల బంధక పొరలో సూదిబెజ్జం వంటి రంధ్రం ఉన్నదేమో కూడా పరిశీలిస్తారు. అటువంటి రంధ్రం ఉంటే లీకేజీ కరెంటు నేరుగా చిప్‌లోకి ప్రవహించి దాని పనితీరును దెబ్బతీయగలదు.

తయారీదారు జరిపిన పరీక్షలతోనే పని ముగియదు. తయారీదారు ప్రతి సెన్సర్ కొలతలను సరుకుతో పాటు పంపవలసి ఉండగా, ఐరోపాలోని కార్ల్స్‌రూహె, పెరూజియా, పీసా, వియన్నా తదితర కేంద్రాలలోని ప్రయోగశాలలు కొన్నింటిని ఎంపిక చేసి మళ్లీ స్వతంత్రంగా కొలిచేవి. రెండు కొలతలు పొసగకపోతే కారణం తేలేవరకు ఆ విడత సరుకును కూర్పునకు పంపేవారు కాదు. ఒక సరఫరాదారు పంపిన సెన్సర్లలో నాణ్యత నిలకడగా లేదని ఈ తనిఖీలలో వెల్లడి కావడంతో, ఆర్డరులో అధిక భాగాన్ని మరొక తయారీదారుకు మళ్లించవలసి వచ్చింది. దీనివల్ల కాలవ్యవధిపై ఒత్తిడి పెరిగినప్పటికీ, అనుమానాస్పదమైన సెన్సర్లు యంత్రంలోకి చేరే ప్రమాదం తప్పింది.

పలక అంచున మిగిలిన ముక్కే సాక్షి

కొన్ని పరీక్షలు వస్తువును నాశనం చేస్తాయి. బంధక పొర ఎన్ని వోల్టుల వద్ద చిట్లుతుందో తెలియాలంటే దానిని చిట్లగొట్టక తప్పదు. ఆ పరీక్షను ఖరీదైన సెన్సర్‌పై జరపలేరు. ఇందుకు ఒక సులువైన మార్గాన్ని అనుసరించారు. సెన్సర్లను గుండ్రని సిలికాన్ పలకల నుంచి నలుచదరంగా లేదా కోణాకారంగా కోసి తీస్తారు. అప్పుడు అంచుల వద్ద అర్ధచంద్రాకారపు ముక్కలు మిగులుతాయి. సాధారణంగా పారవేసే ఆ ముక్కలపైనే ముందుగా చిన్నచిన్న పరీక్షా నమూనాలను ముద్రించారు. అదే పలకపై, అదే రోజున, అవే రసాయనాలతో తయారైనవి గనుక అవి సెన్సర్ గుణగణాలకు నమ్మకమైన సాక్ష్యంగా నిలుస్తాయి. వాటిని పగలగొట్టి చూసినా సెన్సర్‌కు హాని లేదు. తయారీ ప్రక్రియలో నెలల వ్యవధిలో నెమ్మదిగా వచ్చే మార్పులను కూడా ఈ ముక్కలే ముందుగా బయటపెట్టగలవు.

వికిరణాన్ని తట్టుకునే శక్తిని కూడా ఎంపిక చేసిన నమూనాలపైనే పరీక్షించారు. యంత్రం ఏళ్ల తరబడి పనిచేసినప్పుడు సెన్సర్లపై పడే కణాల మోతాదును కార్ల్స్‌రూహెలో ప్రోటాన్లతోను, బెల్జియంలోని లూవెన్-లా-నూవ్‌లో న్యూట్రాన్లతోను స్వల్పకాలంలోనే వాటిపై ప్రయోగించి, ఆ తరువాత అన్ని కొలతలను మళ్లీ తీసుకున్నారు.

జిగురు, తీగ, చలి

పరీక్షలలో నెగ్గిన సెన్సర్‌ను కార్బన్ ఫైబర్ చట్రంపై జిగురుతో అతికించి, సంకేతాలను చదివే చిప్‌లు గల చిన్న సర్క్యూట్ పలకకు జోడిస్తే మాడ్యూల్ తయారవుతుంది. సెన్సర్ పట్టీలకు, చిప్‌లకు మధ్య సంబంధం ఏర్పరచేది 25 మైక్రాన్ల మందం గల అల్యూమినియం తీగ. తలవెంట్రుక మందంలో ఇది సుమారు మూడోవంతు. ఈ తీగల కొసలను అతిధ్వని తరంగాల సాయంతో యంత్రం అతుకుతుంది. అతుకు బలాన్ని తెలుసుకునేందుకు నమూనా తీగలను చిన్న కొక్కెంతో పైకి లాగి, అవి ఎన్ని గ్రాముల బలానికి తెగినవో, తెగింది తీగ మధ్యలోనా, అతుకు వద్దనా అని నమోదు చేస్తారు. తీగ మధ్యలో తెగితే అతుకు గట్టిదని అర్థం. అతుకే ఊడివస్తే ఉపరితలంపై మురికి ఉన్నదని గాని, యంత్రపు అమరిక తప్పినదని గాని భావించి, పనిని నిలిపి కారణం వెదకుతారు.

పూర్తయిన మాడ్యూళ్లను చలిపెట్టెలలో ఉంచి, గది ఉష్ణోగ్రతకు, గడ్డకట్టే చలికి మధ్య పలుమార్లు తిప్పుతూ పనిచేయించి చూస్తారు. వికిరణం వల్ల కలిగే నష్టాన్ని అదుపులో ఉంచేందుకు ట్రాకర్‌ను సున్నా డిగ్రీల కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో నడపవలసి ఉండడమే ఇందుకు కారణం. లోహం, జిగురు, సిలికాన్ చలికి ఒకే విధంగా కుంచించుకుపోవు. గదిలో నిక్షేపంగా పనిచేసిన అతుకు చలిలో విడిపోవచ్చును. సీఎంఎస్ మాడ్యూళ్ల తయారీ మధ్యలో సర్క్యూట్ పలకల పొరలను కలిపే సూక్ష్మ రంధ్రాలలోని లోహపు పూత చిట్లుతున్నట్లు గుర్తించి, తయారీని నిలిపివేసి, పలక రూపకల్పనను సవరించారు. ఆ లోపం కూర్పు తరువాత బయటపడి ఉంటే సవరించే మార్గం ఉండేది కాదు.

స్ఫటికాలకు ఒక్కొక్కదానికి జాతకం

ట్రాకర్ చుట్టూ ఉండే విద్యుదయస్కాంత కెలోరీమీటర్‌లో 75,848 లెడ్ టంగ్‌స్టేట్ స్ఫటికాలు ఉన్నవి. ఇనుముకన్నా సాంద్రమైనా గాజువలె పారదర్శకంగా ఉండడం ఈ స్ఫటికాల ప్రత్యేకత. వీటిని రష్యాలోని బొగొరొదిత్స్క్‌లోను, చైనాలోని షాంఘైలోను తయారు చేశారు. ఒక్కొక్క స్ఫటికాన్ని కృత్రిమంగా పెంచడానికి సుమారు రెండు రోజులు పట్టేది. మొత్తం స్ఫటికాల తయారీకి దాదాపు పదేళ్లు పట్టగా, చివరి విడత 2008లో పూర్తయినది.

స్ఫటికాల విషయంలో నమూనాలతో సరిపెట్టలేదు. ప్రతి స్ఫటికానికి బార్‌కోడ్ సంఖ్య కేటాయించి, సెర్న్‌లోను, రోమ్ సమీపంలోని ప్రయోగశాలలోను స్వయంచాలక యంత్రాలపై కొలిచారు. పొడవు, వెడల్పులు నిర్ణీత ప్రమాణంలో ఉన్నవా, కాంతి ఎంత శాతం దాటిపోతున్నది, కణం తాకినప్పుడు ఎంత వెలుగు వస్తున్నది, ఆ వెలుగు స్ఫటికం పొడవునా సమంగా ఉన్నదా అనే వివరాలన్నీ ఆ సంఖ్యతో పాటు కంప్యూటరులో భద్రపరచారు. మధ్యభాగపు స్ఫటికాలలో వెలుగు సమంగా వచ్చేందుకు వాటి పక్క ముఖాలలో ఒకదానిని కావాలనే నున్నదనం తగ్గించి గరుకుగా ఉంచారు.

ఇక్కడ ఉష్ణోగ్రత పాత్ర కీలకమైనది. ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఈ స్ఫటికాల వెలుగు సుమారు 2 శాతం తగ్గుతుంది. పరీక్షా గది వేడెక్కితే మంచి స్ఫటికం నాసిరకంగా, చల్లబడితే నాసిరకం మంచిదిగా కనిపిస్తుంది. కాబట్టి వస్తువును పరీక్షించడానికి ముందు పరీక్షించే పరికరాన్ని, ఆ గదిని పరీక్షించడం తప్పనిసరి అయినది.

పరీక్షలకు చిక్కని లోపాలు

ఇంత జాగ్రత్త తీసుకున్నప్పటికీ కొన్ని లోపాలు పరీక్షలను దాటిపోయిన సందర్భాలు ఉన్నవి. వాటిలో మూడింటిని ప్రధానంగా చెప్పుకోవలసి ఉంటుంది.

మొదటిది శోధక యంత్రానికి సంబంధించినది కాదు, ఎల్‌హెచ్‌సీ త్వరణ యంత్రానికి సంబంధించినది. 2008 సెప్టెంబరు 10న తొలి కిరణపుంజం తిరిగిన తొమ్మిది రోజులకే, సెప్టెంబరు 19న, రెండు అయస్కాంతాల మధ్యగల విద్యుత్ అతుకు ఒకటి విఫలమైనది. ద్రవ హీలియం టన్నుల కొద్దీ వెలువడి, భారీ అయస్కాంతాలు తమ స్థానాల నుంచి కదిలిపోయినవి. 53 అయస్కాంతాలను సొరంగం నుంచి పైకి తీసుకురావలసి వచ్చింది. యంత్రం తిరిగి నడిచేసరికి 2009 నవంబరు వచ్చింది. అయస్కాంతాలన్నీ విడివిడిగా పరీక్షలలో నెగ్గినవే. లోపం వాటిని సొరంగంలో కలిపిన చోట ఉన్నది.

రెండవది సీఎంఎస్ పిక్సెల్ శోధకానికి సంబంధించినది. 2017 ఆరంభంలో కొత్తగా అమర్చిన ఈ భాగంలో వోల్టేజిని మార్చే కన్వర్టర్లు అదే సంవత్సరం అక్టోబరు నుంచి ఒకటొకటిగా విఫలం కాసాగినవి. అవి పనిచేస్తున్నప్పుడు వికిరణాన్ని తట్టుకోగలిగినవే. అయితే వికిరణానికి గురైన తరువాత వాటిని ఆపివేసినప్పుడు చిప్ లోపల ఒకచోట వోల్టేజి హద్దుమీరి పెరుగుతున్నట్లు దర్యాప్తులో తేలింది. ఏడాది చివరి విరామంలో పిక్సెల్ శోధకాన్ని బయటకు తీసి కన్వర్టర్లన్నింటినీ మార్చారు.

మూడవది అట్లాస్ ప్రయోగం కోసం తయారవుతున్న కొత్త ట్రాకర్‌కు చెందినది. విడిగా చలిపరీక్షలో నెగ్గిన సిలికాన్ మాడ్యూళ్లలో కొన్ని, చట్రాలపై అతికించి చల్లబరచినప్పుడు పగుళ్లిచ్చినట్లు గమనించారు. పొరలు వేర్వేరు మోతాదులలో కుంచించుకుపోవడమే ఇందుకు కారణమని గుర్తించి, మధ్యలో మెత్తని పొరను చేర్చే పరిష్కారాన్ని చేపట్టారు. తుది కూర్పునకు ముందే తెలియడం వల్ల పరిష్కారానికి అవకాశం మిగిలినది.

ఈ మూడింటిలోనూ భాగాలు తమకు నిర్దేశించిన పరీక్షలలో నెగ్గినవే. నిజమైన వినియోగంలో ఎదురయ్యే ఏదో ఒక పరిస్థితి ఆ పరీక్షల జాబితాలో లేకపోవడమే వైఫల్యానికి మూలం. కాబట్టి నాణ్యతా తనిఖీలో కొలత ఎంత ముఖ్యమో, ఏ పరిస్థితిలో కొలవాలనే ఆలోచన అంతే ముఖ్యమని ఈ అనుభవాలు తెలియజేస్తున్నవి.

భారతదేశం పాత్ర

సెర్న్ నిర్మాణాలలో భారతీయ సంస్థల భాగస్వామ్యం దశాబ్దాలుగా కొనసాగుతున్నది. 2017 జనవరి 16న భారతదేశం సెర్న్‌లో అనుబంధ సభ్య దేశమైనది. ఎల్‌హెచ్‌సీ నిర్మాణ కాలంలో భారత అణుశక్తి విభాగానికి చెందిన ఇంజనీర్లు, సాంకేతిక నిపుణులు విడతలవారీగా సెర్న్‌కు వెళ్లి, 1,232 ప్రధాన ద్విధ్రువ అయస్కాంతాలను సొరంగంలోకి దించడానికి ముందు జరిపిన పరీక్షలలో పాల్గొన్నారు. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు గల ఆ అయస్కాంతాలను మైనస్ 271 డిగ్రీల వరకు చల్లబరచి పరీక్షించేవారు. అయస్కాంతాల రక్షణకు భారతదేశం సమకూర్చిన ఎలక్ట్రానిక్ పరికరాల తయారీలో హైదరాబాదులోని ఇసిఐఎల్ పాలుపంచుకున్నది.

సీఎంఎస్ శోధకానికి చెందిన ప్రీషవర్ అనే భాగంలోని 4 వేలకు పైగా సిలికాన్ సెన్సర్లలో సుమారు వెయ్యింటిని బాబా అణు పరిశోధన కేంద్రం రూపకల్పన మేరకు బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారు చేసింది. వెలుపలి హాడ్రాన్ కెలోరీమీటర్ నిర్మాణంలో ముంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ ప్రధాన పాత్ర వహించింది. మ్యూయాన్ కణాలను గుర్తించేందుకు 2013-14 సంవత్సరాలలో అదనంగా చేర్చిన రెసిస్టివ్ ప్లేట్ చాంబర్లలో 50 భారతదేశం నుంచి వెళ్లినవే.

ఈ చాంబర్లకు జరిపే ఒక పరీక్ష ఎంత నిరాడంబరమైనదో చెప్పుకోదగినది. చాంబర్‌లో రెండు బేకలైట్ పలకల మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. గుండీల వంటి చిన్న బిళ్లలు జిగురుతో అతికి ఆ ఖాళీని సమంగా నిలుపుతాయి. ఖాళీలోకి కొద్దిపాటి అదనపు పీడనంతో వాయువును పంపి, ప్రతి బిళ్ల ఉన్నచోట పలకను వేలితో నొక్కుతారు. జిగురు ఊడిన చోట పలక లోపలికి వంగి పీడన మాపకం ముల్లు కదులుతుంది, గట్టిగా ఉన్నచోట కదలదు. అదే పీడనం కొంతసేపటికి తగ్గిపోతే ఎక్కడో వాయువు కారుతున్నదని తెలుస్తుంది. ఆ తరువాతే కొన్ని వేల వోల్టుల విద్యుత్తును ప్రయోగించి కరెంటును కొలుస్తారు.

ఎల్‌హెచ్‌సీ తీవ్రతను పెంచే కార్యక్రమం కోసం సీఎంఎస్‌కు సుమారు 600 చదరపు మీటర్ల సిలికాన్‌తో కొత్త కెలోరీమీటర్‌ను రూపొందించారు. దీని మాడ్యూళ్లను కూర్చి పరీక్షించేందుకు ఎంపికైన కేంద్రాలలో టాటా మౌలిక పరిశోధన సంస్థ కూడా ఉన్నది. 2024లో సెర్న్ ప్రకటించిన కాలపట్టిక ప్రకారం పెంచిన తీవ్రతతో యంత్రం 2030లో పనిచేయడం ప్రారంభించవలసి ఉన్నది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం సీఎంఎస్ బృందంలోను, హైదరాబాద్ ఐఐటీ జపాన్‌లోని బెల్-2 ప్రయోగంలోను భాగస్వాములుగా ఉన్నవి.

గమనించదగిన అంశాలు

సామగ్రి కొనుగోలు, స్వీకరణ, తనిఖీ బాధ్యతలు గల శాఖలకు ఈ విధానంలో పరిశీలించదగిన సూత్రాలు ఇవి.

1. తయారీదారు ధ్రువపత్రంతో పాటు, కొనుగోలుదారు స్వయంగా జరిపే పరీక్ష ఉండాలి. రెండు ఫలితాలు సరిపోలాలి.

2. ప్రతి భాగానికి విడి సంఖ్య, ఆ సంఖ్యతో పుట్టుక నుంచి కూర్పు వరకు చరిత్ర నమోదై ఉండాలి. ఒకచోట లోపం కనిపిస్తే అదే విడతలో తయారైన మిగిలినవి ఎక్కడున్నవో వెంటనే తెలుసుకోవడానికి ఇదే ఆధారం.

3. తిరస్కరణ ప్రమాణాన్ని సరుకు రాకముందే లిఖితపూర్వకంగా నిర్ణయించాలి. గడువు దగ్గరపడిన తరువాత నిర్ణయించే ప్రమాణం గడువుకు తలొగ్గే ప్రమాదం ఉన్నది.

4. తిరస్కరణకు గురయ్యే వాటిని ముందే అంచనా వేసి అదనపు భాగాలకు ఆర్డరు ఇవ్వాలి. అదనపు నిల్వ లేనప్పుడు తనిఖీ అధికారికి కాదనే స్వేచ్ఛ ఉండదు.

5. విడిభాగాలతో పాటు వాటిని కలిపే అతుకులను, యంత్రం ఆగి ఉన్న స్థితిని కూడా పరీక్షల జాబితాలో చేర్చాలి.

భారీ ప్రాజెక్టుల వార్తలను అందించే పాత్రికేయులకు కూడా ఈ సూత్రాలు ప్రశ్నలుగా ఉపకరిస్తాయి. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నాణ్యత సాధించామని ఎవరైనా ప్రకటించినప్పుడు, ఎన్నింటిని పరీక్షించారు, ఎవరు పరీక్షించారు, ఎన్నింటిని తిరస్కరించారు అని అడగవచ్చును. తిరస్కరించినవి ఒక్కటీ లేవనే సమాధానం వస్తే, పరీక్ష జరిగిన తీరును గురించి మరికొంత విచారించవలసి ఉంటుంది.

సీఎంఎస్ వంటి యంత్రాలు నమోదు చేసిన సంకేతాల ఆధారంగా ప్రకృతి నియమాలను గురించి శాస్త్రవేత్తలు నిర్ధారణకు వస్తారు. కోట్ల కొలదీ సంకేతాలలో అరుదైన కొన్నింటిని వెదికేటప్పుడు, కనిపించినది కొత్త కణమా లేక చెడిపోయిన పట్టీ సృష్టించిన భ్రమా అనే సందేహం తలెత్తుతూనే ఉంటుంది. ఆ సందేహం నివృత్తికి కావలసిన సాక్ష్యాలలో ఎన్నో ఏళ్ల క్రితం కూర్పునకు ముందు ఏదో ఒక ప్రయోగశాలలో ఒక సాంకేతిక నిపుణుడు ఆ పట్టీని కొలిచి నమోదు చేసిన అంకె కూడా ఒకటి.